శరదృతువులో పెరటి సేవ

వర్షఋతువు ముగిసి ఆశ్వయుజ, కార్తిక మాసాలతో శరదృతువు ప్రవేశిస్తుంది. నవరాత్రులు, దీపావళి, కార్తిక దీపారాధన, క్షీరాబ్ధి ద్వాదశి అన్నీ ఈ రెండు నెలలలోనే వస్తాయి. పూజకు పూలు, దళాలు అత్యధికంగా కావలసిన కాలమిది. పెరటి మొక్కలను జాగ్రత్తగా చూసుకోవలసిన కాలం కూడా ఇదే. ఈ సత్యాన్ని నేను ఒక తప్పు చేసి తెలుసుకున్నాను.

మా అమ్మగారు ఎన్నో ఏళ్లు పెంచుకున్న తులసి మా పెరటిలో ఉండేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు వచ్చిన తరువాత ఆ సేవ నాకు అప్పగించారు. ఒక కార్తికంలో వారం రోజులు ఎడతెగని వాన కురిసింది. ఆ తరువాత తులసి ఆకులు వాలిపోయాయి. దాహమనుకొని నేను ఉదయం, సాయంత్రం చెంబెడు చొప్పున నీరు పోశాను. ఇంట్లో మిగిలినవారూ భక్తితో తలా ఒక చెంబు పోశారు. పది రోజులలో మొక్క నల్లబడి ఎండిపోయింది. పెకలించి చూస్తే వేళ్లు కుళ్లి ఉన్నాయి. కోట అడుగున నీరు పోయే రంధ్రం మట్టితో పూడుకుపోయింది. అమ్మగారు నన్ను ఒక్క మాటైనా అనలేదు. మరునాడు ఉదయం యథాప్రకారం ఖాళీ కోట చుట్టూ మెల్లగా ప్రదక్షిణం చేశారు. అది చూసి నా మనస్సు కలుక్కుమంది.

మట్టి తడిగా ఉండగా ఆకులు వాలితే అది దాహం కాదు, వేళ్లకు గాలి అందని బాధ. కనుక శరదృతువులో మొదటి పని కుండీల, కోటల అడుగు రంధ్రాలను పుల్లతో పొడిచి శుభ్రపరచడం. రెండవది, వేలిని రెండు కణుపుల లోతు మట్టిలో దించి, పొడిగా తోస్తేనే నీరు పోయడం. కార్తిక దీపాన్ని కాండానికి ఆనించక, సెగ తగలనంత దూరంలో గూటిలో ఉంచాలి. ముదిరిన వెన్నులను తుంచితే తులసి గుబురుగా పెరుగుతుంది. రెండు మూడింటిని మాత్రం విత్తనానికి వదలాలి. ద్వాదశినాడు, సూర్యాస్తమయం తరువాత దళాలు కోయరాదని పెద్దలు విధించిన నియమం మొక్కకు విశ్రాంతి కూడా.

ఈ ఋతువులో అన్ని ప్రాంతాలకూ ఒకే పద్ధతి పనికిరాదు. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగాక తెలంగాణలో నేల క్రమంగా ఆరుతుంది. అక్కడ పాదులలో ఎండుటాకులు పరచి తేమను నిలపాలి. కోస్తాకు, దక్షిణ రాయలసీమకు ఈశాన్య ఋతుపవనాల వానలు, తుపానులు వస్తాయి. అక్కడ పాదుల చుట్టూ మట్టి ఎగదోసి, నీరు నిలవకుండా కాలువలు తీయాలి. మొగ్గ తొడిగిన చామంతికి వెదురుపుల్ల ఊతమివ్వాలి.

ఆశ్వయుజంలో బంతి విత్తితే సుమారు రెండు నెలలలో పూస్తుంది. ధనుర్మాస పూజలకు, గొబ్బెమ్మలకు అందివస్తుంది. ధనియాలను బద్దలుగా నలిపి విత్తితే కొత్తిమీర చక్కగా మొలుస్తుంది. మెంతికూర నెల తిరగకుండా కోతకు వస్తుంది. చలి మొదలవగానే చిక్కుడుకు పేనుబంక పడుతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలం చల్లాలి. ఆ తరువాత కొన్ని రోజులు ఆ పాదు కాయలు కోయకూడదు.

పండుగల నిర్మాల్యాన్ని కాలువల పాలు చేయవద్దు. దారాలు, ప్లాస్టిక్ తీసివేసి, ఎండుటాకులతో పొరలు పొరలుగా ఒక తొట్టిలో వేసి, వారానికొకసారి తిరగవేస్తే రెండు మూడు నెలలలో నల్లని ఎరువవుతుంది. దానిని ఎవరూ తొక్కని చోట, పూలమొక్కల మొదట్లో వేయవచ్చు.

క్షీరాబ్ధి ద్వాదశికి తులసి చెంత ఉసిరికొమ్మ నాటి పూజించడం మన ఆచారం. విరిచిన కొమ్మ కొద్దిరోజులలోనే వాడిపోతుంది. కుండీలోని ఉసిరి మొక్కను తెచ్చి పూజించి, తరువాత చోటున్న నేలలో నాటితే, అది ముందు తరాల వనభోజనాలకు నీడనిస్తుంది. మేము కొన్నేళ్లుగా ఇలాగే చేస్తున్నాము.

ఆ ఏడు మాఘమాసంలో మా కోట పగుళ్లలో రాలిన గింజల నుండి నాలుగు తులసి మొలకలు వచ్చాయి. అమ్మగారే వాటిని మొదట చూశారు. ఒకటి కోటలో నాటి, నా చేతికి చెంబు ఇస్తూ, “ముందు మట్టి చూడు నాయనా, తరువాత నీళ్లు పొయ్యి” అన్నారు. నేటికీ ప్రతి ఉదయం చెంబు వంచే ముందు నేను మట్టిలో వేలు పెట్టి చూస్తాను.