నాస్తికత – నైతికత

దైవభీతి లేనివానికి పాపభీతి ఉండదని లోకంలో ఒక నమ్మకం ఉంది. అందువల్లనే ‘నాస్తికుడు’ అనే మాట చాలాకాలంగా నిందావాచకంగా వాడుకలో ఉంది.

ప్రాచీన దర్శనాల్లో ఈ పదానికి అర్థం వేరు. వేదాన్ని ప్రమాణంగా అంగీకరించనివాడు నాస్తికుడు. ఆ ప్రకారం చార్వాకులతోపాటు బౌద్ధులు, జైనులు కూడా నాస్తికులే. సృష్టికర్తను అంగీకరించకపోయినా, వేదాన్ని గౌరవించిన పూర్వమీమాంసకులు ఆస్తికులయ్యారు. అహింసను, సత్యాన్ని లోకానికి చాటిన బౌద్ధ జైనాలు సృష్టికర్తయైన ఈశ్వరుని ఆశ్రయించలేదు. దైవవిశ్వాసం లేనిచోట నీతి నిలవదనే వాదానికి మన తాత్త్విక చరిత్రలోనే సమాధానం ఉంది. అయినా భిన్నమతాన్ని సహించని ధోరణి ఆనాడూ లేకపోలేదు. మహాభారతం శాంతిపర్వంలో చార్వాకుడు దుర్యోధనుని మిత్రుడైన రాక్షసుడు. బంధువధ చేసినందుకు ధర్మరాజును నిందించి, విప్రుల హుంకారానికి దగ్ధమవుతాడు.

ఆధునికాంధ్రదేశంలో ఈ ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా నిలిపినవారు గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902–1975). వృక్షశాస్త్ర అధ్యాపకులైన ఆయన యజ్ఞోపవీతాన్ని విసర్జించి స్వగృహానికి దూరమయ్యారు. నాస్తికభావాల కారణంగా 1933లో కాకినాడలో ఉద్యోగం కోల్పోయారు. 1940లో భార్య సరస్వతితో కలిసి కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. అస్పృశ్యతా నిర్మూలన, సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు ఆయన కార్యక్రమాలయ్యాయి. దైవంపై భారం వేయని మానవుడే తన చేతలకు తాను పూర్తిగా బాధ్యుడవుతాడని ఆయన విశ్వసించారు.

పరమ ఆస్తికుడైన గాంధీజీ 1944లో గోరాను సేవాగ్రామంలో ఆదరించి చర్చలు జరిపారు. ‘దైవమే సత్యం’ అనడం కంటే ‘సత్యమే దైవం’ అనడం మేలని 1931 నాటికే ఆయన భావించారు. సత్యాన్ని నాస్తికుడు కూడా కాదనడు కదా! గోరా కుమార్తె మనోరమకు దళిత యువకునితో వివాహం జరిపించడానికి ఆయన అంగీకరించారు. గాంధీజీ మరణానంతరం 1948లో ఆ వివాహం సేవాగ్రామంలోనే జరిగింది.

మహాకవి జాషువ కుమార్తె హేమలత గోరా కుమారుడు లవణంను వివాహమాడారు. స్టూవర్టుపురంలో దొంగలుగా ముద్రపడిన కుటుంబాల సంస్కరణకు, నిజామాబాదు ప్రాంతంలో జోగినీ దురాచార నిర్మూలనకు ఆ దంపతులు పాటుపడ్డారు.

అవిశ్వాసం తనంతట తానే సుగుణం కాదు, విశ్వాసమూ అంతే. భక్తుల్లో త్యాగధనులున్నారు, వంచకులూ ఉన్నారు. నాస్తికుల విషయమూ ఇంతే. మన రాజ్యాంగం 25వ అధికరణంలో అందరికీ అంతఃకరణ స్వేచ్ఛను ప్రసాదించింది. పొరుగువాని నమ్మకాన్ని బట్టి కాక, నడవడిని బట్టి అతనిని గౌరవించడమే ఆ స్వేచ్ఛకు మనమివ్వగల విలువ.

కఠిన పదాలు – అర్థాలు
ప్రామాణ్యం = ప్రమాణంగా ఉండటం
హుంకారం = కోపంతో ‘హుం’ అని చేసే ధ్వని
యజ్ఞోపవీతం = జంధ్యం
అంతఃకరణం = మనస్సు

ప్రశ్నలు
1. ప్రాచీన దర్శనాల్లో ‘నాస్తికుడు’ అనే పదానికి గల అర్థాన్ని వివరించండి.
2. నీతికి దైవవిశ్వాసం అవసరమా? గోరా జీవితం ఆధారంగా చర్చించండి.