చిల్లర దేవుళ్లు : రసాభాస హాస్య విచారము

దాశరథి రంగాచార్యులు (1928-2015) నేటి మహబూబాబాదు జిల్లాలోని చినగూడూరున జన్మించినారు. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెను, దానిపై గడీ సాగించిన పెత్తనమును వారు 'చిల్లర దేవుళ్లు' నవలయందు చిత్రించినారు. పేరులోనే అధిక్షేపము ఉన్నది. దేవుళ్లనుట స్తుతి, 'చిల్లర' యను విశేషణము దానిని నిందగా మార్చినది. దీనిని వ్యాజస్తుతి యనవచ్చునా? అందు నింద గూఢము; ఇచ్చట విశేషణముననే వాచ్యమైనది. కనుక సోల్లుంఠనమనుటయే యుక్తమని నా మతము.

అవినీతి విషయమున విచారము లోతైనది. దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు వెంట పంపబడు దాసి ఆడబాప. ఆమెకు పెండ్లి లేదు. దొర కోరికను కాదనుటకు స్వాతంత్ర్యము లేదు. ఆమె సంతానమునకు ఆస్తిలో భాగము లేదు. ఆమెయందు దొర చూపు రతి అనుచితము, కనుక శృంగారాభాసము. అభినవగుప్తుడు మరియొక అడుగు వేసి, సీతయందలి రావణరతిని ఉదాహరించి, ఆభాసము హాస్యమునకు దారితీయునని నిరూపించినాడు. పాఠశాలలలో ఇంతవరకు చెప్పి ముగింతుము. చిక్కు ఇచ్చటనే ఉన్నది. రావణుని కోరిక నెరవేరలేదు గనుక సహృదయుడు నవ్వగలడు. గడీలో అది నెరవేరినది. దొర ఆలంబనమైనచో హాస్యము, ఆడబాప యైనచో కరుణము. రెంటిలో కరుణమే అంగి. హాస్యము అంగియైనచో ఆమె బాధ నవ్వులాటలో మరుగుపడెడిది.

ఈ దోషము పెద్దలకును తప్పలేదు. 11వ శతాబ్దపు కాశ్మీరకవి క్షేమేంద్రుడు 'నర్మమాల'లో లెక్కలు వ్రాయు కాయస్థాధికారులను చీల్చి చెండాడినాడు. పటేలు పట్వారీల కాలము నెరిగినవారికి ఆ కావ్యము జనగామ తాలూకాలో కూర్చుండి వ్రాసినట్లే తోచును! కాని ఔచిత్యమునకు లక్షణము చెప్పిన ఆ కవియే అధికారి భార్యను సైతము అదే నవ్వునకు గురిచేసినాడు. రంగాచార్యుల అధిక్షేపము పెత్తనము గలవారి మీదనే నిలిచినది. ఔచిత్యమును పాటించుటలో మన నవలాకారునిదే పైచేయి.

ప్రహసనాంతమున లోకము యథాపూర్వముగనే ఉండును. గడీల విషయమున అట్లు జరుగలేదు. జనగామ ప్రాంతపు కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పులలో మరణించిన పిమ్మట ఉద్యమము సాయుధమైనది. రంగాచార్యుల 'మోదుగుపూలు' ఆ పోరాటమునే వస్తువుగా గ్రహించినది. అందు వీరము ప్రధానము.