మేనల్లుడికి బ్యాటరీ మిషన్ల సంగతి

నరసరావుపేట



మాచర్లలో మేస్త్రీ దగ్గర పని బాగానే సాగుతోందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఫాల్స్ సీలింగూ, కిచెన్ అల్మరాలూ రెండూ నేర్చుకుంటున్నావట, సంతోషం. చేతికొచ్చే మొదటి డబ్బుతో బ్యాటరీ డ్రిల్లు, బ్యాటరీ గ్రైండరు కలిపి సెట్టుగా కొందామనుకుంటున్నానని, రోజంతా వాడినా ఏ కంపెనీది మన్నుతుందో చెప్పమని రాశావు. కంపెనీ పేరు దగ్గర మొదలుపెడితే దీనికి జవాబు దొరకదురా. నా రిపేరు బల్ల మీదికి పేరున్నవీ వస్తాయి, పేరు లేనివీ వస్తాయి. చాలావాటికి మోటారు బాగానే ఉంటుంది, గేర్లు బాగానే ఉంటాయి. పోయేది బ్యాటరీ ప్యాకు.

మొన్నొక ప్యాకు విప్పాను. ఛార్జరులో పెడితే ఎర్రలైటు కొట్టుకుంటోంది తప్ప ఎక్కడం లేదని తెచ్చారు. లోపల పది సెల్లు, రెండేసి చొప్పున ఐదు జతలు. మల్టీమీటరు పెట్టి చూస్తే నాలుగు జతలు 3.9 వోల్టుల దగ్గర నిక్షేపంగా ఉన్నాయి. నడిమి జత ఒకటిన్నర కూడా లేదు. అంచుల్లో ఉన్న సెల్లకు కాస్త గాలి సోకుతుంది, నడుమ ఉన్నవాటి వేడి ఎటూ పోదు. అందుకే అవి ముందు ముసలివైపోతాయి. లిథియం సెల్లు నిండుగా ఉంటే 4.2 వోల్టులు, రెండున్నర కిందికి దిగిందంటే లోపల చెడిపోవడం మొదలైనట్టే. ఒక జత అలా పడిపోగానే ప్యాకు మొత్తాన్ని ఛార్జరు పక్కన పెట్టేస్తుంది. అది దాని తప్పు కాదు, మంచితనం. కొందరు ఆ ప్యాకుకే వేరే ప్యాకు నుంచి తీగలు తగిలించి కాసేపు బలవంతంగా ఎక్కించి, మళ్ళీ ఛార్జరులో పెడతారు. ఎవరు చూపించినా ఆ పని నువ్వు చేయకు. చచ్చిన సెల్లుకు ప్రాణం పోయబోతే నిప్పంటుకోవచ్చు.

ఇక అంగట్లో కనిపించే అంకెలు. 18 వోల్టులు, 20 వోల్టులు, 21 వోల్టులు అని రాసి ఉన్న మిషన్లన్నిటిలోనూ వరసకు ఐదు సెల్లే ఉంటాయి. సెల్లుకు సగటున 3.6 లెక్కేస్తే 18, నిండుగా ఎక్కినప్పుడు నాలుగు లెక్కేస్తే 20, 4.2 లెక్కేస్తే 21. వాటి మధ్య బలంలో తేడా ఏమీ లేదు. పేరు లేని ప్యాకుల మీద 88 వి.ఎఫ్. అని కూడా అచ్చేస్తారు, అది ఉత్త స్టిక్కరు. నువ్వు చూడాల్సింది ఆంపియర్ అవర్లు, సెల్లు ఒక వరసా రెండు వరసలా అన్నది. రెండు ఆంపియర్ అవర్ల చిన్న ప్యాకులో ఒకటే వరస. నాలుగు, ఐదు ఉన్నవాటిలో సాధారణంగా రెండు వరసలుంటాయి. పెద్ద ప్యాకంటే ఎక్కువసేపు వస్తుందని మాత్రమే అందరూ అనుకుంటారు, అసలు లాభం వేరే ఉంది. గట్టి చెక్కలో పెద్ద స్క్రూ దించేటప్పుడు మోటారు 30 ఆంపియర్లు లాగిందనుకో. ఒంటి వరసలో ప్రతి సెల్లూ ఆ ముప్పయ్యీ మోయాలి. రెండు వరసలుంటే తలా పదిహేను. కరెంటు సగమైతే సెల్లులో పుట్టే వేడి సగం కాదు, పావు వంతుకు దిగుతుంది. ఒంటెద్దు బండికీ జోడెడ్ల బండికీ ఉన్న తేడా ఇదే, బరువు అదే, ఎద్దు అలసట వేరు. బరువు పనికి చిన్న ప్యాకు వాడేవాడు డబ్బు మిగుల్చుకోవడం లేదు, సెల్లను కాల్చుకుంటున్నాడు.

వేడి మాట వచ్చింది కాబట్టి మన ఊళ్ళ సంగతి చెప్పాలి. ఈ మిషన్ల పుస్తకాలు రాసేవాళ్ళకు రెంటచింతల తెలియదు. కొన్ని వేసవుల్లో 47 డిగ్రీలు దాటిన ఊరు, నీకు మాచర్ల నుంచి కూతవేటు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మంచి కంపెనీల పుస్తకం విప్పి చూడు. బ్యాటరీని 10 నుంచి 40 డిగ్రీల మధ్య ఉన్న చోటే ఛార్జింగు పెట్టమనీ, 50 డిగ్రీలకు చేరే చోట మిషను గానీ బ్యాటరీ గానీ ఉంచొద్దనీ రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం గురజాలలోనో దాచేపల్లిలోనో రేకుల షెడ్డు కింద 40 ఎక్కడుంటుంది? ఎండలో నిలబెట్టిన బైకు మీద నల్ల ప్లాస్టిక్ డబ్బా లోపల యాభై దాటడానికి ఎంతసేపు పడుతుంది? అంటే మన దగ్గర ఎండాకాలంలో సగం రోజు ఈ మిషన్లు వాటి పుస్తకం గీసిన గీత దాటే బతుకుతున్నాయి. ఒకే ప్యాకు చల్లటి ఊళ్ళో ఎక్కువేళ్ళు, మన దగ్గర తక్కువేళ్ళు రావడంలో వింతేముంది.

కాబట్టి నీకు నేను నేర్పే మొదటి పని డ్రిల్లు పట్టుకోవడం కాదు, ప్యాకును నీడకు చేర్చడం. సైటులోకి అడుగుపెట్టగానే ఇంట్లో చల్లగా ఉండే మూల ఎక్కడుందో చూసుకో. ఛార్జరు అక్కడ పెట్టు, కిటికీ పక్కన వద్దు. మిషను నుంచి తీసిన ప్యాకును చేత్తో పట్టుకుని చూడు. వెచ్చగా ఉంటే అరగంట ఆగు. ఖరీదైన ఛార్జర్లు ప్యాకు చల్లబడేదాకా అవే ఆగుతాయి, కొన్నిటికి ఫ్యాను కూడా ఉంటుంది. చౌక ఛార్జరుకు ఆ తెలివి ఉండదు, ఎంత కాలుతున్నా ఎక్కిస్తూనే ఉంటుంది. అందుకే ఒకటి పనిలో ఉండగా ఇంకొకటి చల్లారేలా రెండు ప్యాకులు ఉంచుకోమంటాను. ఒక్క ప్యాకుతో రోజంతా పని లాగినవాడి ప్యాకు ఏడాది తిరక్కుండా నా బల్ల మీదికి వస్తుంది.

మీ మేస్త్రీ పాతకాలం మనిషి. బ్యాటరీని పూర్తిగా దించేశాకే ఛార్జింగు పెట్టమని చెప్పి ఉంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన పని నేర్చుకున్నది నికెల్ కాడ్మియం రోజుల్లో. బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్ళు 1961లో తీగ లేని డ్రిల్లు తెచ్చింది ఆ సెల్లతోనే. లిథియం సెల్లను సోనీ 1991లో అంగట్లోకి తెచ్చినా, బరువు పని చేసే మిషన్లలోకి అవి వచ్చింది 2005 ప్రాంతంలో. ఈ కొత్త సెల్లకు ఆ పాత నియమం పనికిరాదు సరికదా, చేటు. మిషను మందగించిందని తెలియగానే ప్యాకు తీసెయ్. ఆఖరి నాలుగు స్క్రూలు దించి తీద్దామని ట్రిగ్గరు నొక్కి పట్టడమే నడిమి జతను చంపేది.

దాచిపెట్టడం దగ్గర కూడా తికమక ఉంది. మీ నాన్న మిరపతోటకు వాడే స్ప్రేయరులో ఉన్నది 12 వోల్టుల సీసం బ్యాటరీ అయితే దాన్ని నిండుగా ఉంచాలి. కోతలయ్యాక దించిన బ్యాటరీని అలాగే పాకలో పడేస్తే పలకల మీద తెల్లగా పొర కట్టి, మళ్ళీ నారు వేసేనాటికి పనికిరాకుండా పోతుంది. నీ డ్రిల్లు ప్యాకు దీనికి ఎదురు. నెలా రెండు నెలలు పని లేదనుకుంటే సగం ఛార్జింగుతో, మిషను నుంచి విడదీసి, ఇంట్లో చల్లటి చోట పెట్టు. నిండుగా ఎక్కించి ఎండలో ఉంచడం దానికి అన్నిటికన్నా చెడ్డది.

బ్యాటరీ గ్రైండరు కొంటానన్నావు, ఇక్కడ నేను ఒప్పుకోను. లెక్క నువ్వే వేసుకో. 18 వోల్టుల ఐదు ఆంపియర్ అవర్ల ప్యాకులో ఉన్నది 90 వాట్ అవర్లు. నాలుగంగుళాల గ్రైండరు ఆపకుండా కోసేటప్పుడు 700 వాట్లు తింటే, ఏడెనిమిది నిమిషాల్లో ప్యాకు ఖాళీ. ఆ ఏడెనిమిది నిమిషాలూ ప్యాకు 39 ఆంపియర్లు మోస్తూ ఉడికిపోతుంది. అదే ప్యాకుతో స్క్రూలు దింపితే వందలు దిగుతాయి, ఎందుకంటే ఒక్కో స్క్రూకీ మిషను తిరిగేది రెండు మూడు క్షణాలు, మధ్యలో దానికి ఊపిరి. ఆగి ఆగి చేసే పని బ్యాటరీకి, ఆపకుండా చేసే పని తీగకు. నాపరాళ్ళ క్వారీల్లో రాయి కోసే యంత్రాలకు కరెంటు తీగ ఉండేది అందుకే. స్టీలు గేటు పైన ఒక చువ్వ కోయాలి, అక్కడికి కరెంటు లేదు, అప్పుడు బ్యాటరీ గ్రైండరు బంగారం. రోజూ ఎమ్మెస్ పైపులు కోసేవాడికి మాత్రం అది దండగ.

మన దుమ్ము ఇంకో శత్రువు. పిడుగురాళ్ళ సున్నం బట్టీల వైపు సైటు పడితే నీకే తెలుస్తుంది, సాయంత్రానికి మిషను గాలి రంధ్రాలు తెల్లగా పూడుకుపోయి ఉంటాయి. గాలి ఆడకపోతే మోటారు వేడెక్కుతుంది. ఆ దుమ్ముకు వానాకాలం తేమ తగిలితే ముద్దకట్టి బేరింగులోకి చేరుతుంది. ఇనుము కోసే చోట సంగతి ఇంకో రకం. బ్రష్‌లెస్ మోటారులో కార్బన్లు లేవు, మార్చే పనిలేదని అంగడివాడు చెబుతాడు, నిజమే. కానీ దాని రోటరులో గట్టి అయస్కాంతాలున్నాయి. సన్నటి ఇనప రజను లోపలికి వెళ్ళిందంటే వాటికి మీసాల్లా అతుక్కుంటుంది, ఊదినా రాదు. కార్బన్లు అరిగితే చిన్న ఖర్చుతో పోతుంది. బ్రష్‌లెస్ బోర్డు కాలితే మాత్రం కొత్త మిషను ధరలో సగం అడుగుతారు. అయినా డ్రిల్లు వరకూ బ్రష్‌లెస్సే తీసుకో, అదే ప్యాకుతో ఎక్కువ పని ఇస్తుంది, తక్కువ వేడెక్కుతుంది. ఇనుము కోసే చోట దాన్ని కింద పెట్టకు, అంతే. రోజు చివర మెత్తటి బ్రష్షుతో రంధ్రాలు తుడిచి, ప్యాకు కూర్చునే ఇత్తడి పలకలు పొడిగుడ్డతో శుభ్రం చెయ్. అక్కడ మట్టి చేరి పట్టు వదులైతే ఆ చోటే వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. అలా కరిగిన బాడీలు నా దగ్గర చాలా ఉన్నాయి.

బిట్ల దగ్గర పిసినారితనం చేయకు. మొండి బిట్టు పెట్టి బలంగా నొక్కితే ఆ భారమంతా ప్యాకు మీదే పడుతుంది. 1971లో అపోలో 15 వాళ్ళు చంద్రుడి మీదికి బ్యాటరీ డ్రిల్లు పట్టుకెళ్ళారు. అక్కడ రంధ్రం అనుకున్న లోతుకు దిగలేదు. మోటారు చేతకాక కాదు, గొట్టం అతుకుల దగ్గర మర వరస ఆగిపోయి, తవ్విన మట్టి పైకి రాక ఇరుక్కుంది. ఆ అతుకులు సరిచేసుకున్నాక అపోలో 16లో బాగానే దిగింది. స్లాబుకు యాంకరు రంధ్రం వేసేటప్పుడు నువ్వూ మధ్యమధ్య బిట్టును పైకి లాగి పొడి వదిలించు. నాపరాయి గట్టుకు రంధ్రం పెట్టాల్సొస్తే హామర్ మోడ్ తీసేసి మామూలుగా తిప్పు. పొరలు పొరలుగా ఉండే రాయి అది, దెబ్బకు చీలుతుంది. చీలిన రాయి ఖరీదు నీ జీతంలోంచే పోతుంది.

ప్యాకు చచ్చాక సెల్లు మార్పించుకోవచ్చు, అందులో తప్పు లేదు. ఎవడి చేత, ఏ సెల్లతో అన్నదే ప్రశ్న. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన సెల్లు వేసి చవగ్గా కట్టిచ్చేవాళ్ళున్నారు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. ల్యాప్‌టాప్ సెల్లు ఐదారు ఆంపియర్లకు మించి మోయడానికి చేసింది కాదు, డ్రిల్లుది పదిహేను ఇరవై మోస్తుంది. కట్టిన వారం బాగా పనిచేస్తుంది, తర్వాత స్క్రూ సగంలో మిషను ఆగిపోతుంది. సెల్లు మీద టంకం పెట్టి అతికేవాడి దగ్గరికి అసలే వెళ్ళకు, ఆ వేడికి సెల్లు లోపల పాడవుతుంది. నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగు చేసేవాణ్ణి చూసుకో. సెల్లును తూకం వేసి చూడు, అసలైనది సుమారు 45 గ్రాములుంటుంది. బాగా తేలిగ్గా ఉంటే నకిలీ.

కంపెనీ సంగతి ఇప్పుడు చెబుతాను. పేటలోనో గుంటూరులోనో ఏ కంపెనీ ట్రిగ్గరు స్విచ్చి, చక్, ఛార్జరు విడిగా దొరుకుతాయో అదే నీకు మంచి కంపెనీ. ఒకసారి ఒక ప్యాకు రకంలోకి దిగాక నాలుగేళ్ళు దానితోనే ఉంటావు, ఇంపాక్ట్ కొన్నా, హామర్ కొన్నా ఆ ప్యాకే పెట్టాలి. కాబట్టి డ్రిల్లు ధర కాక రెండో ప్యాకు ధర అడిగి బేరం తేల్చుకో. వారంటీ కాగితంలో బ్యాటరీకి ఎన్ని నెలలో వేరేగా చదువు, చాలాచోట్ల బాడీకంటే తక్కువే ఉంటుంది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో.

నా తీర్పు ఇది. డ్రిల్లు బ్యాటరీది కొను, నాలుగు ఆంపియర్ అవర్ల ప్యాకులు రెండు తీసుకో. గ్రైండరు తీగదే కొను. సెట్టు మీద మిగిలిన డబ్బుతో కార్బైడు బిట్లు, కళ్ళద్దాలు, దుమ్ము మాస్కు కొనుక్కో. మాస్కు మాత్రం రేపే కొను, డ్రిల్లు వచ్చే నెల కొన్నా పర్వాలేదు.

ఇట్లు,
మామయ్య