వీసా రాలేదు, మాటలు పడుతున్నాను

సమస్య: మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. బీటెక్ చదివాను. మా ఆయన టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నారు. పెళ్లయిన పదిహేను రోజులకే వెళ్లిపోయారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఎఫ్-2 (డిపెండెంట్ వీసా) ఇంటర్వ్యూకి వెళితే రెండు నిమిషాల్లో వీసా ఇవ్వలేమన్న 214(బి) కాగితం చేతిలో పెట్టి పంపేశారు. "అక్కడ ఏం చేస్తారు?" అంటే, "ఖాళీగా ఉండను, ఏదైనా జాబ్ చూసుకుంటా" అన్నాను. ఇంగ్లీషు రాకే పోగొట్టుకుందని అత్తయ్య వచ్చినవాళ్లందరి ముందూ అంటున్నారు. ఏజెంటేమో కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే పాత రిజెక్షన్ కనపడదు, మళ్లీ అప్లై చేద్దాం అంటున్నాడు. చేయమంటారా?
- పేరు వద్దు

సలహా: అలా మాత్రం చేయొద్దమ్మా. పాస్‌పోర్టు మారినా వేలిముద్రలు మారవు, అవి వాళ్ల దగ్గరున్నాయి. గతంలో వీసా నిరాకరించారా అని డీఎస్-160 వీసా దరఖాస్తు ఫారంలో సూటిగానే అడుగుతారు. 'అవును' అని రాయండి. 214(బి) వచ్చినవాళ్లు మళ్లీ అప్లై చేసుకోవచ్చు, దానికి గడువేమీ లేదు. దాచినట్టు తేలితే మాత్రం జీవితాంతం అమెరికా వెళ్లే దారి మూసుకుపోవచ్చు. నష్టపోయేది మీరు, ఏజెంటు కాదు.

ఇంగ్లీషుదేం లేదు. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ తెలుగులోనూ ఇవ్వొచ్చు. ఈ మాట అత్తగారికి మీరు కాదు, మీ ఆయన ఫోన్‌లో చెప్పాలి.

నాకు అనుమానం ఆ జాబ్ మాట మీదే. ఎఫ్-2 మీద వెళ్లినవాళ్లు ఉద్యోగం చేయకూడదు. కావాలంటే పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చు, అంతే. మీరు తెలియక అన్నారు. ఆఫీసరుకు మాత్రం ఈ అమ్మాయి వీసా నిబంధన తప్పుతుందనిపించి ఉంటుంది.

దీనిమీద అప్పీలు ఉండదు. కొత్త ఫారం, మళ్లీ 185 డాలర్ల ఫీజు, మళ్లీ ఇంటర్వ్యూ. అది కట్టేముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. యూనివర్సిటీ ఇచ్చే మీ ఐ-20 పత్రం కోసం ఇద్దరి ఖర్చుకూ సరిపడా డబ్బు చూపించారా? ఆయన చదువు ఇంకెంత మిగిలింది? చివరి సెమిస్టరైతే "తర్వాతేంటి?" అని అడుగుతారు. ఆయనో మాట, మీరో మాట చెప్పకూడదు.

వీటికంటే ముందు తేల్చుకోవాల్సింది మరొకటుంది. ఉద్యోగం లేకుండా అక్కడ ఉండగలరా? మొగుడి దగ్గరికి చేరితే చాలన్న తొందరలో ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. ఉండగలిగితే ఆ సంగతే ఆఫీసరుకు చెప్పండి. ఉండలేననుకుంటే మీ బీటెక్‌తో మీరే ఎంఎస్ సీటు తెచ్చుకుని ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి ప్రయత్నించండి. ఖర్చు ఎక్కువే, కానీ మీ స్వభావానికి అదే సరిపడేలా ఉంది.

ఏ దారి పట్టినా, మొన్న నింపిన డీఎస్-160 కాపీ ఏజెంటు దగ్గర అడిగి తీసుకుని, మీ పేరిట ఏం రాశాడో వరసగా చదవండి. ఇవ్వనంటే అతనికి ఇంకో రూపాయి కట్టకండి.