రత్నంగారి కలం

పాఠ్యభాగ నేపథ్యం: ఒక ఊరి చరిత్రలో రాజులకు, కవులకు, నాయకులకు స్థానం ఉన్నట్లే చిన్న దుకాణంలో కూర్చుని నిజాయితీగా పనిచేసిన వారికి కూడ స్థానం ఉండాలి. అటువంటి ఒక పనివాని స్మృతి ఈ పాఠం.

రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయభట్టు మహాభారతాంధ్రీకరణానికి పూనుకొన్న నగరం రాజమహేంద్రవరం. 11వ శతాబ్దిలో రచన అంటే తాటాకుపై ఇనుప గంటంతో గీయడమే. కావ్యం నిలిచింది, కవి పేరు నిలిచింది. గంటం చేసిన కమ్మరి ఎవరో ఎవరికీ తెలియదు. కాని 20వ శతాబ్దిలో అదే నగరంలో కలం చేసిన ఒక దుకాణదారుని పేరు మాత్రం ఆయన చేసిన వస్తువుతోపాటే నిలిచింది. ఆయనే కోసూరి వెంకటరత్నంగారు.

రత్నంగారు స్వర్ణకారులు. సన్నని పని చేయడం ఆయన చేతికి అలవాటు. అది స్వదేశీ ఉద్యమం గోదావరి మండలమంతటా వ్యాపించిన కాలం. 1923 డిసెంబరులో మన కాకినాడలోనే మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది. ఖద్దరు కట్టినవారు సైతం ఆ రోజులలో విదేశీ కలంతోనే ఉత్తరాలు వ్రాయవలసి వచ్చేది. అంతకుముందే, 1921 ప్రాంతంలో, రత్నంగారు గాంధీజీని కలిసి దేశానికి తానేమి చేయగలనని అడిగారనీ, గుండుసూది మొదలు కలం వరకు ఏదైనా సరే ఇక్కడే తయారుచేయమని ఆయన సూచించారనీ చెబుతారు. ఆ మాటను రత్నంగారు మనసులో నిలుపుకొన్నారు. 1932లో రాజమండ్రిలో కలముల తయారీ ప్రారంభించారు.

కలం చూడటానికి చిన్నదే. చేయడం మాత్రం చిన్న పని కాదు. రబ్బరులో గంధకం ఎక్కువగా కలిపి చాలాసేపు కాస్తే ఎబొనైట్ అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది. ఆ కడ్డీని తరిమెన పట్టి, లోపల తొలిచి, మూతకు, గొట్టానికి మరలు కోయాలి. మర ఒక వెంట్రుకవాసి వదులైనా సిరా కారి చొక్కా పాడవుతుంది. పాళీ కొసలోని సన్నని చీలిక గుండా సిరా కాగితాన్ని చేరుతుంది. మీరు భౌతికశాస్త్రంలో చదివే కేశనాళికీయత అక్కడ పనిచేస్తుంది. సిరా దిగినంత మేర గాలి లోపలికి పోవాలి. లేకుంటే వ్రాత ఆగిపోతుంది. పాళీ అడుగున నాలుకవలె ఉండే భాగం ఈ రెండు పనులనూ నడుపుతుంది.

రత్నంగారు తాము చేసిన కలమును గాంధీజీకి పంపారు. అయితే దాని పాళీ విదేశీయమని తెలియడంతో ఆ కలం స్వదేశీ వస్తువుగా అంగీకరింపబడలేదని చెబుతారు. గొట్టం మనది, మూత మనది, శ్రమ మనది. పాళీ ఒక్కటే పరాయిది. మరొకరైతే ఇంత చిన్న లోపానికి ఇంత పట్టింపా అని నొచ్చుకొనేవారు. రత్నంగారు వాదనకు దిగలేదు. తిరిగి పనిముట్టు చేతబట్టారు. పాళీతో సహా అన్ని భాగాలనూ ఇక్కడే తయారుచేసి మరల పంపారు. ఈసారి కలం, 1934 డిసెంబరులో ఏర్పడిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘానికి చెందిన జె.సి. కుమారప్పగారి ద్వారా గాంధీజీకి చేరింది. 1935 జూలై 16న గాంధీజీ రత్నంగారికి స్వయంగా ఉత్తరం వ్రాశారు. తాము ఆ కలమును వాడినట్లు, బజారులో దొరికే విదేశీ కలములకు అది మంచి ప్రత్యామ్నాయంగా తోచినట్లు ఆ ఉత్తరంలోని భావం. రత్నంగారి కుటుంబం దానిని పెన్నిధిగా భద్రపరచుకొన్నది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రత్నంగారిని మనం తలచుకొనేది ఆయనకు లభించిన ప్రశంస వలన మాత్రమే కాదు. మొదటి కలం నిలువనప్పుడు ఆయన ప్రవర్తించిన తీరు వలన. తప్పు చూపినవారిని శత్రువుగా భావించక గురువుగా భావించడం విద్యకూ, వృత్తికీ కూడ మూలసూత్రం.

కాలం మారింది. బాల్‌పెన్ను వచ్చింది, సిరా అయిపోగానే పారవేయడం అలవాటైంది. ఎబొనైట్ కలం అట్లా పారవేసే వస్తువు కాదు. పాళీ అరిగితే మార్చవచ్చు, మర వదులైతే సరిచేయవచ్చు. అమ్మినవానికీ, కొన్నవానికీ మధ్య బంధం అమ్మకంతో ముగియదు. మన వీధిలోని ఇనుప సామానుల కొట్టులో ఒక్క మేకు కోసం పెట్టెలన్నీ వెదికి ఇచ్చే పెద్దమనిషిని మనం మరువలేనిది కూడ ఇందుకే. వస్తువు విలువ స్వల్పం; దాని వెనుక నిలిచిన మాట విలువ అధికం.

రేపు మీరు ఏ వృత్తిని చేపట్టినా, మీ పనిలో పరాయి పాళీ ఏదైనా మిగిలి ఉన్నదేమో ఒకసారి చూచుకొనండి.

అర్థాలు
గంటం = తాటాకుపై వ్రాసే ఇనుప సాధనం
తరిమెన = కడ్డీని త్రిప్పుతూ చెక్కే యంత్రం, లేత్
పాళీ = కలం మొన
పెన్నిధి = గొప్ప నిధి

ప్రశ్నలు
1. గాంధీజీకి పంపిన మొదటి కలం ఎందుకు అంగీకరింపబడలేదు? రత్నంగారు ఏమి చేశారు?
2. కలం తయారీలోని మెలకువలను వివరించండి.
3. 'పరాయి పాళీ' అనే మాటతో రచయిత సూచించిన భావాన్ని మీ మాటలలో వ్రాయండి.
4. మీ ఊరిలో అందరి ఆదరం పొందిన ఒక దుకాణదారుని గూర్చి పది వాక్యాలు వ్రాయండి.