తప్పని తెలిసినా దిద్దలేని ధర



మార్కెట్ ధర సరైనదేనన్న ఆర్థికవేత్త యూజీన్ ఫామా వాదాన్ని, మదుపరుల మనస్తత్వాన్ని చదివే బిహేవియరల్ ఫైనాన్స్ పడగొట్టిందని, మనుషులకు ఆశ, భయం ఉంటాయి కాబట్టేనని క్లాసుల్లో సరిపెట్టేస్తుంటారు. పొరపాట్లు చేసేవాళ్లు ఉంటారని ఫామాకూ తెలుసు. తెలివైనవాళ్లు ఆ పొరపాట్ల మీద లాభం తీసుకుంటూ ధరను దారిలో పెడతారన్నదే ఆ వాదానికి ఆయువుపట్టు. చూడాల్సింది ఆ తెలివైనవాళ్ల సంగతి.

2000 మార్చి 2న అమెరికాలో త్రీకామ్ కంపెనీ తన అనుబంధ సంస్థ పామ్‌లో సుమారు 5 శాతం వాటా అమ్మింది. మిగతాది ఆ ఏడాదిలోనే త్రీకామ్ షేరుకు దాదాపు ఒకటిన్నర పామ్ షేర్ల చొప్పున పంచుతామంది. తొలిరోజు పామ్ 95 డాలర్ల దగ్గర ముగిసింది. ఆ లెక్కన త్రీకామ్ షేరు కనీసం 142 పలకాలి. పలికింది 82 లోపు! చేతిలోని నగదుతో సహా త్రీకామ్ సొంత వ్యాపారమంతా సున్నాకంటే తక్కువన్నమాట. ఈ కూడికలు, తీసివేతలు పేపర్లలో కూడా వచ్చాయి. అయినా తేడా వారాల తరబడి పోలేదు. పామ్‌ను షార్ట్ చెయ్యాలంటే, అంటే ధర పడుతుందని ముందే అమ్మిపెట్టుకోవాలంటే, షేర్లు అరువు తెచ్చుకోవాలి. బయట తిరిగేవే కొన్ని, అవి అరువు దొరకడం గగనం.

తప్పు తెలిసినా అరువు దగ్గర చెయ్యి ఆగిపోతుందన్న ఈ సంగతే, అప్పుల తీరును చదివిన ఆర్థికవేత్త హైమన్ మిన్‌స్కీ దారిలో నడిచేవాళ్లకు అక్కరకొచ్చేది. అసలూ వడ్డీ కట్టగలిగినవాళ్లు వడ్డీ మాత్రమే కట్టే స్థితికి, తర్వాత వడ్డీకి కూడా కొత్త అప్పు చేసే స్థితికి జారతారని, ఆ జారుడు మంచిరోజుల్లోనే మొదలవుతుందని ఆయన అన్నాడు. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీల పరిశోధన దానికి మనసు వైపు నుంచి ఊతమిస్తుంది: సులువుగా గుర్తొచ్చేదే ఎక్కువగా జరుగుతుందని మనిషి లెక్కేస్తాడు. పాత సంక్షోభం మరుపున పడితే బ్యాంకరు చెయ్యి వదులవుతుంది.

మనసు ఒక్కటే సరిపోదు. ఆర్థికవేత్తలు రాబర్ట్ మెర్టన్, మైరన్ షోల్స్‌లకు 1997లో నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది రష్యా చెల్లింపులు ఆపేశాక, ఒకదానికొకటి దగ్గరవుతాయని వాళ్లు భాగస్వాములైన ఎల్‌టీసీఎం అనే హెడ్జ్ ఫండ్ పందెం కాసిన ధరలు ఇంకా దూరం జరిగాయి. నెత్తిన కొండంత అప్పు. అమెరికా కేంద్ర బ్యాంకులో భాగమైన న్యూయార్క్ ఫెడ్ పిలుపుతో 14 సంస్థలు ఆ ఫండ్‌లో సుమారు 360 కోట్ల డాలర్లు పోయాల్సివచ్చింది.

అయితే ఒక పేచీ ఉంది. బిహేవియరల్ పండితులు చాలామంది పాఠ్యపుస్తకంలోని లెక్కల మనిషినే కొలబద్దగా పెట్టుకుని, మిగతావాళ్లకు మార్కులు కోస్తారు. రేపేమిటో ఎవరికీ తెలియనప్పుడు పదిమందితో పోవడం తప్పేమీ కాదని 1936 నాటి ఆర్థికవేత్త కీన్స్ పుస్తకం చదివినవాళ్లకు అర్థమవుతుంది. పరిశీలనలు తీసుకోవాలి, ఆ కొలబద్ద అక్కర్లేదు.

ఈ విషయం మీద నువ్వు సెమినార్ వ్యాసం రాస్తే, దాన్ని మనిషి ఆలోచనలోని పక్షపాతాల జాబితాతో మొదలుపెట్టకు. పామ్‌కూ ఎల్‌టీసీఎంకూ విడివిడిగా ఒక పట్టిక వెయ్యి: ఎవరు, ఎవరి దగ్గర, ఎన్నాళ్ల గడువుకు అరువు తెచ్చారు, మధ్యలో అడిగితే తిరిగివ్వాల్సిందెంత.