కూలీల ప్రయాణము - ట్రాక్టరు ట్రైలరు

నాట్లు, కలుపు, పత్తితీత రోజులలో తెల్లవారగానే ట్రాక్టరు ట్రైలరులో ఇరవై ముప్పది మంది కూలీలు నిలబడి పోవుట పల్లెలలో నిత్యము చూచుచున్నదే. 2018 జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద ఇట్టి ట్రాక్టరొకటి మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది పొలము పనికి బయలుదేరిన స్త్రీలు.

డ్రైవరు అజాగ్రత్త యని చెప్పి ఊరకుండుట వాడుక. కాని దాని వెనుక ఊరి అలవాట్లు కొన్ని గలవు. ఆసామికి రెండు ట్రిప్పులైన డీజిలు ఖర్చు, పొద్దెక్కునను తొందర. మేస్త్రికి అందరిని ఒకేసారి దింపవలెనను పట్టుదల. డ్రైవరు తరచుగా ఆసామి కుమారుడో, మేనల్లుడో. పదునెనిమిదేండ్లు నిండనివాడును కావచ్చును. "నాయనా, మెల్లగా పోనీ" అని చెప్పవలసిన స్త్రీలు, మరునాడు పనికి పిలువరేమోయని నోరు మెదపరు. ఈ చివరిదే అన్నిటికంటె పెద్ద చిక్కని నా అభిప్రాయము. పెద్దమనిషి వచ్చినచో మడ్‌గార్డుపై కూర్చుండబెట్టుట ఒక మర్యాదగా కూడ చెల్లుచున్నది! గతుకులో పట్టు తప్పినచో ఆయన పడునది పెద్ద చక్రము ముందరనే.

ట్రైలరునకు సాధారణముగా వేరే బ్రేకులుండవు. కనుక బ్రేకు వేసినపుడు వెనుక బరువంతయు ట్రాక్టరును ముందుకు నెట్టును. వేగము రెండింతలైన, బ్రేకు పడిన తరువాత ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. నిలబడిన మనుష్యులు మలుపులో ఒక ప్రక్కకు ఒరుగుదురు. బరువు ఎత్తున నుండుటచే ట్రైలరు సులభముగా తిరుగబడును. దుక్కిలో కుడి ఎడమ బ్రేకులను విడివిడిగా త్రొక్కుట అవసరమే గాని, రోడ్డెక్కు ముందు రెండు పెడళ్ళను కలిపి గొళ్ళెము వేయవలెను. లేనిచో ఒక చక్రమే ఆగి బండి ప్రక్కకు లాగును. డీజిలు ఆదాకై పల్లములో న్యూట్రలున వదలరాదు.

చట్టప్రకారము ట్రైలరు సరుకులకే. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమునుబట్టి, మైనరు నడిపి నేరము చేసినచో సంరక్షకునికి లేక బండి యజమానికి 3 సంవత్సరముల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా గలవు.

కూలి మాట్లాడుకొనునపుడే ప్రయాణపు సంగతియు, ఆటో కిరాయి ఎవరిదను సంగతియు మేస్త్రితో తేల్చుకొనవలెను. సీట్లకు తగినంతమందినే ఎక్కించి రెండు ట్రిప్పులుగా తెచ్చినను పని చెడదు. మొదటి జట్టు నారు తీసి కట్టలు కట్టుచుండగా రెండవ జట్టు నాటునకు అందుకొనును. సాయంకాలము ట్రాక్టరు ఊరికే పోవుచున్నదని వెనుక ఎక్కించుకొనుటయు మానవలెను. మనుష్యులు లేకపోయినను ట్రైలరు వెనుక ఎర్రని రిఫ్లెక్టరు పట్టీలు అంటించి, బురద కప్పినపుడెల్ల తుడుచుచుండవలెను.